పొరుగు కంప్యూటరులోని డిస్కును చదువుట

2008 జనవరి 15వ తేదీన అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున జరిగిన ఒక సభలో ఆపిల్ సంస్థ అధిపతి స్టీవ్ జాబ్స్, కార్యాలయములలో కాగితములు పంపుకొను సాధారణమైన కవరు నొకదానిని చేతబట్టి, అందులోనుండి ఒక కంప్యూటరును పైకి తీసెను. మాక్‌బుక్ ఎయిర్ అను ఆ యంత్రము బరువు 1.36 కిలోగ్రాములు. మందము ఎక్కువగా ఉన్నచోట 1.94 సెంటీమీటర్లు, అంచువద్ద 0.4 సెంటీమీటరు మాత్రమే. అంత పలుచని పెట్టెలో పట్టక ఒక వస్తువు బయటనే ఉండిపోయినది. అది సి.డి., డి.వి.డి.లను చదువు డ్రైవు. డిస్కు మందము 1.2 మిల్లీమీటర్లే. అయినను దానిని త్రిప్పు మోటారు, లేజరు, కటకము, ఆ కటకమును ముందువెనుకలకు జరుపు బండి, ఇవన్నియు కలిసి ఆనాటి లాప్‌టాప్‌లలో 9.5 లేక 12.7 మిల్లీమీటర్ల మందమును ఆక్రమించుచుండెను.

ఆనాడు సాఫ్ట్‌వేరు చాలవరకు డిస్కులమీదనే అమ్ముడుపోవుచుండెను. డ్రైవు లేని కంప్యూటరును కొన్నవారు ఆ డిస్కులను ఎట్లు చదువవలెను? ఆపిల్ సంస్థ రెండు మార్గములు చూపినది. ఒకటి, 99 డాలర్లకు విడిగా అమ్మబడిన డ్రైవు. దీనిని తీగతో కంప్యూటరునకు తగిలించుకొనవలెను. రెండవది 'రిమోట్ డిస్క్' అను ఏర్పాటు. ఇంటిలోనో, కార్యాలయములోనో ఉన్న మరియొక కంప్యూటరు డ్రైవులో డిస్కును ఉంచి, నెట్‌వర్కు ద్వారా దానిని తన సొంత డిస్కువలెనే చదువుకొనుట దీని ఉద్దేశము.

ఈ రెండవ మార్గము వినుటకు క్రొత్తగా తోచినను, దాని వెనుక అప్పటికే దాదాపు ఇరువది సంవత్సరముల చరిత్ర ఉన్నది. ఒక యంత్రమునకు తగిలించిన వస్తువును మరియొక యంత్రము తనదిగా ఎట్లు భావించగలదు? ఈ ఉపాయము కొన్ని డిస్కులకు చక్కగా పనిచేసి, పాటల డిస్కు వద్దకు వచ్చుసరికి ఎందుకు బెడిసికొట్టును? ఈ ప్రశ్నలు నేటికిని పనికిమాలినవి కావు. ఇండ్లలోను కార్యాలయములలోను పాత డిస్కులు పెట్టెలకొలది మిగిలియున్నవి. వానిని చదువగల డ్రైవు మాత్రము ఏ ఒక్క కంప్యూటరులోనో ఉన్నది.

డిస్కులో ఉన్నదేమి?

సి.డి. 12 సెంటీమీటర్ల వ్యాసముగల పాలికార్బొనేట్ పలక. పలుచని లోహపు పూత క్రింద, నడిమినుండి వెలుపలి అంచువరకు, ఒకే ఒక సర్పిలమార్గము అందులో చుట్టలు చుట్టుకొని ఉన్నది. చుట్టకును చుట్టకును నడుమ దూరము 1.6 మైక్రోమీటర్లు, అనగా మిల్లీమీటరులో 625వ వంతు. ఈ మార్గమును విప్పి తిన్నగా పరచినచో 5 కిలోమీటర్లకు మించి పొడవుండును. ఆ దారి పొడవునను కంటికి కనిపించని గుంటలున్నవి. 780 నానోమీటర్ల తరంగదైర్ఘ్యముగల పరారుణ లేజరు కిరణము ఆ గుంటలమీద పడును. ప్లాస్టిక్కులో ప్రవేశించినపుడు కాంతి తరంగదైర్ఘ్యము సుమారు 500 నానోమీటర్లకు తగ్గును. గుంట లోతు అందులో దాదాపు నాలుగవ వంతు. అందువలన గుంటనుండి తిరిగివచ్చు కాంతికిని, చుట్టుపట్ల మెరకనుండి వచ్చు కాంతికిని సగము తరంగము తేడా ఏర్పడి ఒకదాని నొకటి మాపుకొనును. వెలుగు తగ్గిన చోటు గుంట, తగ్గని చోటు మెరక. ఆ రెండింటి హద్దులనుబట్టి డ్రైవు అంకెలను గుర్తించును.

ఈ అంకెలు సెక్టారులను చిన్నచిన్న ముక్కలుగా విభజింపబడి యుండును. ఒక్కొక్క సెక్టారులో 2,352 బైట్లు పట్టును. సమాచారపు డిస్కులలో అందు 2,048 బైట్లు మాత్రమే అసలు సమాచారము. మిగిలినవానిలో సెక్టారు చిరునామా, తప్పులను కనుగొనుటకును సరిదిద్దుటకును ఉపయోగపడు అంకెలు ఉన్నవి. తప్పులను దిద్దుటకే 276 బైట్లు కేటాయించిరి. పాటలో ఒక లిప్తకాలపు చప్పుడు పోయినను చెవి గుర్తింపదు. లెక్కల పట్టికలో ఒక్క అంకె మారినచో అనర్థమే గదా! అందుచేత ఈ జాగ్రత్త.

మొదటి డ్రైవులు సెకనుకు 75 సెక్టారులను, అనగా 1,53,600 బైట్లను చదివెడివి. దీనినే ఒంటి వేగమందురు. తరువాత వచ్చిన డ్రైవుల వేగమును దీనికి ఎన్ని రెట్లో చెప్పుట ఆచారమైనది. 74 నిమిషముల డిస్కులో 3,33,000 సెక్టారులున్నవి. వానిని 2,048 చేత హెచ్చవేసిన 68 కోట్ల బైట్లకు పైగా వచ్చును. 1980 ప్రాంతపు చిన్న కంప్యూటర్లకు ఇది సముద్రమువంటిది.

పురోహితునికి రెండు ప్రశ్నలు

ఊరిలో పంచాంగము పురోహితుని ఇంట ఒక్కటే ఉన్నదనుకొనుడు. దానిలోని విషయమును పొరుగువారు రెండు విధములుగా తెలిసికొనవచ్చును. "అయ్యా, రేపు ఏ తిథి? ఎన్ని ఘడియలవరకు ఉన్నది?" అని అడుగుట ఒక విధము. పురోహితుడు పుటలు త్రిప్పి, తానే చూచి, జవాబు చెప్పును. అడిగినవానికి పంచాంగము చూచుట రానక్కరలేదు. రెండవ విధము వేరు. "ముప్పదియేడవ పుటలో నాల్గవ వరుసను ఉన్నదున్నట్లు చదివి వినిపింపుడు" అని అడుగవచ్చును. ఇపుడు చదివి వినిపించువానికి ఆ వరుసకు అర్థము తెలియకపోయినను నష్టములేదు. అర్థము చేసికొను భారమంతయు అడిగినవానిదే.

కంప్యూటర్లు డిస్కును పంచుకొను పద్ధతులును సరిగా ఈ రెండే. మొదటిదానిని ఫైళ్ల పద్ధతి యనియు, రెండవదానిని సెక్టారుల పద్ధతి యనియు పిలువవచ్చును.

ఫైళ్ల పద్ధతిలో, డ్రైవు లేని కంప్యూటరు "ఫలానా పేరుగల ఫైలును తెరువుము, అందులో మొదటినుండి ఇన్ని బైట్లు పంపుము" అని కోరును. సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1985లో వెలువరించిన ఎన్.ఎఫ్.ఎస్., విండోస్ యంత్రములు వాడు ఎస్.ఎం.బి., ఈ విధమైన సంభాషణకు ఏర్పరచిన నియమావళులు. అడుగు కంప్యూటరులో జరుగు పని చిత్రమైనది. ఏ ప్రోగ్రామైనను ఫైలు కావలెనన్నపుడు నేరుగా డిస్కువద్దకు పోదు. ఆపరేటింగ్ సిస్టమును అడుగును. ఆ సిస్టము ఫైలు పేరుకు ముందున్న భాగమును చూచి, అది సొంత డ్రైవైనచో ఆ డ్రైవు నడుపు ప్రోగ్రామునకు అప్పగించును. పొరుగుదైనచో దారిమళ్లించు వేరొక ప్రోగ్రామునకు అప్పగించును. ఆ ప్రోగ్రాము కోరికను నెట్‌వర్కుమీద పంపి, వచ్చిన జవాబును వెనుకకు అందించును. అడిగిన ప్రోగ్రామునకు ఈ ప్రయాణమేదియు తెలియదు. ఉత్తరము పోస్టుపెట్టెలో వేసినవానికి అది బస్సుమీద పోయినదో, రైలుమీద పోయినదో తెలియనట్లే.

ఈ దారిమళ్లింపు ఎంత ఉపయోగకరమైనదో చూపుటకు ఒక ముచ్చట చెప్పవలసియున్నది. సి.డి. డ్రైవులు వచ్చిన కాలమున చిన్న కంప్యూటర్లలో డాస్ అను ఆపరేటింగ్ సిస్టము ప్రబలముగా ఉండెను. ఆనాటి డాస్‌కు 32 మెగాబైట్లకు మించిన డిస్కును ఒకే డ్రైవుగా గుర్తించుటయే చేతకాదు. 650 మెగాబైట్ల సి.డి.ని, అందునా తనకు తెలియని పద్ధతిలో వ్రాసినదానిని, అది ఎట్లు అంగీకరించును? మైక్రోసాఫ్ట్ సంస్థవారు డాస్‌ను తిరుగవ్రాయక, ఎం.ఎస్.సి.డి.ఇ.ఎక్స్. అను చిన్న ప్రోగ్రామును వ్రాసిరి. పెట్టెలోనే ఉన్న సి.డి. డ్రైవును ఇది నెట్‌వర్కుకు ఆవల ఉన్న డ్రైవువలె డాస్‌కు చూపును! పొరుగు డ్రైవుల పరిమాణమును, వ్రాతపద్ధతిని డాస్ విచారింపదు గనుక పని జరిగిపోయినది. ఆ విధముగా కోట్లాది కంప్యూటర్లలో, నెట్‌వర్కు తీగ ఒక్కటియు లేనిచోట సైతము, సి.డి. 'పొరుగింటిది'గానే చెలామణి అయినది. దీనివలన ఒక చిక్కును వచ్చినది. ఆ డ్రైవును నిజముగా ఇతరులతో పంచుకొనబోయినపుడు, పంచిపెట్టు ప్రోగ్రాము "ఇది నీ సొంతము కాదు, పొరుగుది, పొరుగుదానిని నీవెట్లు పంచెదవు?" అని నిరాకరించెడిది. ఆ అడ్డు తొలగించుటకు ఎం.ఎస్.సి.డి.ఇ.ఎక్స్.ను ప్రారంభించునపుడు దాని పేరు ప్రక్కన ఒక గీతయు, 'ఎస్' అను అక్షరమును చేర్చవలసివచ్చెను.

సెక్టారుల పద్ధతిలో "16వ సెక్టారు పంపుము, 17వది పంపుము" అనునదే సంభాషణ. 16వ సెక్టారును ముందుగా పేర్కొనుటకు కారణమున్నది. 1988లో ఏర్పడిన ఐ.ఎస్.ఒ. 9660 అను ప్రమాణము ప్రకారము డిస్కు పేరు, దాని విషయసూచిక ఉన్నచోటు తెలియజేయు వివరములు అక్కడనే ప్రారంభమగును. అడిగిన కంప్యూటరు వానిని చదివి, విషయసూచికను తానే విప్పుకొని, కావలసిన ఫైలు ఏ సెక్టారులలో ఉన్నదో తానే లెక్కకట్టుకొనును. ఈథర్‌నెట్ నెట్‌వర్కుమీద ఒకసారికి పంపదగిన మూట సాధారణముగా 1,500 బైట్లు. కావున 2,048 బైట్ల సెక్టారు ఒక్క మూటలో పట్టదు. రెండుగా పోయి ఆవల అతుకుకొనవలసినదే.

ఈ పద్ధతి వలన ఒక లాభమున్నది. మాకింటోష్ యంత్రములకై తయారైన కొన్ని డిస్కులు ఆపిల్ సంస్థకే ప్రత్యేకమైన పద్ధతిలో వ్రాయబడినవి. వానిని విండోస్ కంప్యూటరులో పెట్టినచో ఆ కంప్యూటరు తెల్లమొగము వేయును. అట్టిదానిని ఫైళ్లు పంపుమన్న ఎట్లు పంపగలదు? సెక్టారులు మాత్రము పంపగలదు; వాని అర్థముతో దానికి నిమిత్తము లేదు. ఒక చిన్న ప్రోగ్రామును విండోస్ యంత్రములో ఉంచి, దాని డ్రైవునుండి మాకింటోష్ డిస్కులను మాక్‌బుక్ ఎయిర్ చదువగలుగుటలోని రహస్యమిదియే. ముప్పదియేడవ పుటలోని నాల్గవ వరుసను పంచాంగము తెలియని బాలుడైనను చదివి వినిపింపగలడు గదా!

ఫైళ్ల పద్ధతికిని దాని సౌలభ్యము దానికున్నది. ఐ.ఎస్.ఒ. 9660 మొదటి అంతస్తు నియమములో ఫైలు పేరునకు ఎనిమిది అక్షరములు, ఆ తరువాత మూడక్షరముల తోక మాత్రమే చెల్లును. 1995లో మైక్రోసాఫ్ట్ ప్రవేశపెట్టిన జోలియెట్ అను అనుబంధము యూనికోడ్ అక్షరములతో 64 వరకు పేరును అనుమతించినది. అందుచేత డిస్కుమీది ఫైళ్లకు తెలుగులో పేర్లు పెట్టుటయు సాధ్యమైనది. ఈ పద్ధతులన్నియు ఎరిగిన ఒక్క యంత్రము డిస్కును చదివి ఫైళ్లుగా పంచిపెట్టినచో, మిగిలినవి వానిని ఎరుగవలసిన పనిలేదు.

చదువుట సులభము, వ్రాయుట కష్టము

హార్డుడిస్కును రెండు కంప్యూటర్లు సెక్టారుల పద్ధతిలో ఒకేమారు వాడుకొనుట ప్రమాదకరము. ఒకటి విషయసూచికను చదివి జ్ఞాపకముంచుకొన్న తరువాత, రెండవది అక్కడ క్రొత్త ఫైలు వ్రాయును. ఆ సంగతి తెలియని మొదటిది అదే చోటు ఖాళీగా ఉన్నదనుకొని తన ఫైలును దానిమీద వ్రాయును. రెండును పాడగును. కర్మాగారములో అచ్చుపోసిన సి.డి.కి ఈ భయము లేదు. దానిని మార్చుట ఎవరికిని సాధ్యము కాదు. పదిమంది చదివినను, వందమంది చదివినను అందులోని గుంట గుంటగానే ఉండును. నెట్‌వర్కుమీద పంచుకొనుటకు ఇంతకంటె సాధువైన వస్తువు మరియొకటి లేదు.

ఈ సాధుగుణమును మొదట చక్కగా వినియోగించుకొన్నవి గ్రంథాలయములు. 1985లో అమెరికాలో గ్రోలియర్ సంస్థ తన విజ్ఞానసర్వస్వపు పాఠమును సి.డి.గా వెలువరించినది. వైద్యశాస్త్ర వ్యాసముల సూచికయైన మెడ్‌లైన్ సైతము 1980 దశకముననే డిస్కులకెక్కినది. ఇవి ఖరీదైనవి, డ్రైవులును ఖరీదైనవే. ఒక్కొక్క చదువరికి ఒక్కొక్క ప్రతి కొనుట వల్లకానిది. అందుచేత అనేక డ్రైవులను ఒకదానిమీద నొకటి పేర్చి గోపురమువలె నిలిపి, ఒక కంప్యూటరునకు తగిలించి, పఠనాలయములోని యంత్రములన్నిటికి అందించిరి. ఈ గోపురములలో తరచుగా ఏడు డ్రైవులుండెడివి. ఏడు అను సంఖ్య ముచ్చటకై పెట్టినది కాదు. డ్రైవులను తగిలించు స్కజీ అను తీగమార్గముమీద ఎనిమిది చిరునామాలే ఉండెను. ఒకటి కంప్యూటరునకే పోగా మిగిలినవి ఏడు. ప్రచురణకర్తలు ఊరకుండలేదు. ఒక్కరు చదువుకొను డిస్కునకు ఒక ధర, నెట్‌వర్కుమీద పలువురకు అందించు డిస్కునకు వేరొక ధర అని ఒప్పందములు వ్రాసికొనిరి. యంత్రమునకు అడ్డులేని చోట్ల ఒప్పందపత్రము అడ్డు నిలిచినది.

ఆలస్యము ఎక్కడ?

నెట్‌వర్కు మీద డిస్కు నెమ్మదిగా నడచినపుడు సాధారణముగా నింద నెట్‌వర్కుమీద పడును. లెక్కవేసి చూచినచో నేరస్థుడు తరచుగా వేరొకడు.

సెకనుకు కోటి బిట్లు మోయు పాత ఈథర్‌నెట్ తీగ, బైట్లలో చెప్పినచో, 12.5 లక్షలు మోయును. ఒంటివేగపు డ్రైవునకు కావలసినది ఒకటిన్నర లక్షలు. ఎనిమిది రెట్ల డ్రైవు వచ్చువరకు ఆ తీగలో చోటు మిగిలియే యుండెను. పది రెట్లు పెద్దదైన తరువాతి ఈథర్‌నెట్ ముందు, 52 రెట్ల డ్రైవు తన పరమావధి వేగమున చదివినను సెకనుకు 80 లక్షల బైట్లను మించదు. తీగలేని నెట్‌వర్కు సంగతి వేరు. 54 మెగాబిట్లని పేరున్న పాత వై-ఫై నిజముగా అందించునది అందులో సగమునకు లోపే. సెకనుకు 25 లక్షల బైట్ల చొప్పున 470 కోట్ల బైట్ల డి.వి.డి.ని పూర్తిగా తెచ్చుకొనుటకు అర్ధగంట దాటును.

అసలు ఆలస్యము కటకమును మోయు బండిలో ఉన్నది. డిస్కుమీద దూరముగానున్న చోటికి పోవలెనన్న, బండి జరుగవలెను; సర్పిలమార్గమును వెదకి పట్టుకొనవలెను; డిస్కు వేగమును సర్దుకొనవలెను. పాటల డిస్కు లోపలి అంచున నిమిషమునకు సుమారు 500 చుట్లు, వెలుపలి అంచున సుమారు 200 చుట్లు తిరుగును. గుంటలు ఎల్లపుడు ఒకే వేగముతో లేజరు ముందు నడువవలెను గనుక ఈ మార్పు. మంచి డ్రైవులలో సైతము ఒక దూకునకు సెకనులో పదవ వంతు పట్టును. హార్డుడిస్కు ఇందులో పదవ వంతు కాలముననే ఆ పని ముగించును.

ఇపుడు ఇద్దరు చదువరులను ఊహింపుడు. ఒకరు విజ్ఞానసర్వస్వములో మొదటి అక్షరమువద్ద, ఇంకొకరు చివరి అక్షరమువద్ద ఉన్నారు. డ్రైవు 24 రెట్లది; సెకనుకు సుమారు 37 లక్షల బైట్లు చదువగలది. ఒక్కొక్కరికి 64 కిలోబైట్ల చొప్పున వంతులవారీగా ఇచ్చుచున్నదనుకొనుడు. 64 కిలోబైట్లు చదువుటకు పట్టునది 18 మిల్లీసెకనులు. రెండవవాని చోటికి దూకుటకు పట్టునది 100 మిల్లీసెకనులు. చదివిన కాలము కంటె పరుగెత్తిన కాలమే ఐదు రెట్లకు పైన! మొత్తము వేగము సెకనుకు ఐదున్నర లక్షల బైట్లకు పడిపోవును, అనగా శక్తిలో నూటికి 15 పాళ్లు. అందులోను చెరిసగము. భాగవతము ఒక్క ప్రతి ముందుంచుకొని, ఒకరికి ప్రథమ స్కంధము, మరొకరికి దశమ స్కంధము వంతులవారీగా ఒక్కొక్క పద్యము చదివి వినిపించువాని అవస్థ ఇది. చదువుటకంటె పుటలు త్రిప్పుటయే ఎక్కువ.

విరుగుడు ఏమి? వంతును పెంచుటయే. అడిగినది 64 కిలోబైట్లైనను, ఎట్లును తరువాతిది అడుగుననుకొని ఒక మెగాబైటు ముందుగా చదివి జ్ఞాపకములో ఉంచుకొన్నచో, 284 మిల్లీసెకనులు చదువుటకును, 100 దూకుటకును పోవును. వేగము సెకనుకు 27 లక్షల బైట్లకు పెరుగును. మాటిమాటికి కావలసిన విషయసూచికను ఒక్కసారి చదివి జ్ఞాపకములోనే ఉంచుకొనుట మరియొక విరుగుడు. మారని డిస్కు గనుక జ్ఞాపకములోనిది పాతబడునను భయము లేదు.

పాట రాలేదు, బొమ్మ కనబడలేదు

విండోస్ యంత్రములో పాటల సి.డి.ని తెరచి చూచినవారికి, పాటకొకటి చొప్పున ఫైళ్లు కనబడును. ఒక్కొక్కదాని పరిమాణము 44 బైట్లు మాత్రమే. అయిదు నిమిషముల కీర్తన 44 బైట్లలో ఎట్లు ఇమిడినది? ఇమడలేదు. ఆ ఫైళ్లు డిస్కుమీద లేనే లేవు. విండోస్ తనంతట తాను కల్పించి చూపునవి. ఫలానా పాట డిస్కుమీద ఫలానా చోట ప్రారంభమగునని చెప్పు చీటీలు అవి. నెట్‌వర్కుమీదుగా వానిని నకలు చేసికొని, పాట రాలేదని చిన్నబుచ్చుకొన్నవారు ఎందరో. చీటీ వచ్చినది, సరకు రాలేదు.

ఇందుకు మూలము 1982లో ఉన్నది. ఫిలిప్స్, సోనీ సంస్థలు ఆనాడు విపణికి తెచ్చిన సి.డి. కంప్యూటరునకై పుట్టినది కాదు. అందులో ఫైళ్లు లేవు, పేర్లు లేవు. సెకనుకు 44,100 సార్లు, ఎడమ కుడి ధ్వనులకు విడివిడిగా, రెండేసి బైట్ల చొప్పున కొలిచిన ధ్వని ప్రవాహమే ఉన్నది. లెక్కించిన సెకనుకు 1,76,400 బైట్లు. 75 సెక్టారులకు పంచిన ఒక్కొక్కదానికి సరిగా 2,352. సెక్టారు మొత్తము ధ్వనికే పోయినది. ఫైళ్ల పద్ధతికి పట్టు దొరకదు. 2,048 బైట్ల సెక్టారులనే ఎరిగిన సెక్టారుల పద్ధతికిని ఇది కొరుకుడుపడదు.

చలనచిత్రపు డి.వి.డి.లో ఫైళ్లున్నవి. కాని అవి చాలవరకు గుప్తలిపిలో ఉన్నవి. వానిని విప్పు తాళపుచెవుల కొరకు ప్రదర్శించు ప్రోగ్రామును డ్రైవును పరస్పరము గుర్తుపట్టుకొనుటకై కొన్ని రహస్య సంకేతములు మార్చుకొనవలెను. ఈ సంకేతములు ఫైళ్లలోనివి కావు. డ్రైవునకు నేరుగా ఇచ్చు ఆజ్ఞలు. ఫైళ్లను మాత్రమే మోయు మార్గమున ఆజ్ఞలు పోవు. అందుచేత చిత్రము ఆవలికి చేరినను తాళము విడదు. రిమోట్ డిస్క్ విషయమున పాటల సి.డి.లు, చలనచిత్రముల డి.వి.డి.లు, నకలు కాకుండ రక్షణ కల్పించిన ఆటల డిస్కులు పనిచేయవని ఆపిల్ సంస్థయే తెలియజేసినది. క్రొత్త డిస్కును వ్రాయుటకును అది పనికిరాదు.

ఆజ్ఞలను సైతము మోయు మూడవ మార్గమొకటి ఉన్నది. డ్రైవునకు కంప్యూటరు ఇచ్చు స్కజీ ఆజ్ఞలను ఉన్నవున్నట్లు నెట్‌వర్కు మూటలలో చుట్టి పంపు పద్ధతికి 2004లో ప్రమాణము ఏర్పడినది. దాని పేరు ఐ-స్కజీ. ఆజ్ఞలను నిజమైన డ్రైవునకే అందజేయునట్లు ఏర్పాటు చేసినచో పాటను చదువవచ్చును, డిస్కును వ్రాయనువచ్చును. కాని ఇది డ్రైవును పంచుకొనుట కాదు, తాత్కాలికముగా అప్పగించుట. ఇద్దరు యజమానులు ఒకే ఎద్దును ఒకరు కుడికి, ఒకరు ఎడమకు తోలినచో ఏమగునో, ఇద్దరు ఒకేమారు ఆజ్ఞాపించిన డ్రైవు గతియు అదే.

తలుపు ఎవరి చేతిలో?

ఒక చిక్కు మాత్రము ఏ పద్ధతిలోను పూర్తిగా తీరదు. డిస్కును చదువువాడు ఒక గదిలో, డ్రైవు తలుపు మీట వేరొక గదిలో. అక్కడివాడు పాట వినగోరి, ఉన్న డిస్కును తీసి వేరొకటి పెట్టిన? తలుపునకు తాళము వేయు ఆజ్ఞ డ్రైవులకు తెలియును. పంచిపెట్టు కంప్యూటరు దానిని వాడవచ్చును. అయినను డ్రైవు మొగమున సూది బెజ్జమొకటి ఉండును. కాగితముల క్లిప్పును సాగదీసి అందులో పొడిచినచో ఏ తాళమును నిలువదు. ఫైళ్ల పద్ధతిలో, పంచిపెట్టు యంత్రము డిస్కు మారినదని గుర్తించి, పాత ఫైలు లేదని చెప్పును. సెక్టారుల పద్ధతిలో, మార్పును గుర్తించు ఏర్పాటు లేనిచో, అడుగువాడు పాత విషయసూచికతో క్రొత్త డిస్కులోని సెక్టారులను కోరును. సెక్టారులు వచ్చును, అవి వేరొక గ్రంథములోనివి. తప్పు జరిగినదని చెప్పువాడుండడు. రిమోట్ డిస్క్‌లో, తన డ్రైవును ఇతరులు వాడుటకు ముందు తన అనుమతి అడుగవలెనని యజమాని నిర్ణయించుకొను వీలును కల్పించిరి. ఒకే ఇంటివారి మధ్య ఇది అతిగా తోచవచ్చును గాని, మీటవద్దనున్న మనిషికి ఎవరో చదువుచున్నారని తెలియుటయే ఇందు ముఖ్యము.

గ్రంథాలయములు ఈ చిక్కును, కటకపు బండి చిక్కును ఒకే దెబ్బతో తీర్చుకొన్నవి. హార్డుడిస్కుల ధర పడిపోయిన కొలది, డిస్కులోని సెక్టారులన్నిటిని మొదటినుండి చివరివరకు వరుసగా చదివి, ఒకే పెద్ద ఫైలుగా హార్డుడిస్కుమీద నిలుపుకొనుట లాభసాటి అయినది. దీనినే డిస్కు ప్రతిబింబమందురు. దానిని పంచుకొన్నచో దూకు ఆలస్యము పదవ వంతునకు తగ్గును. తీయుటకు తలుపు లేదు. గోపురములు క్రమముగా మూలపడినవి. ఆ తరువాత సాఫ్ట్‌వేరు ఇంటర్నెట్టు మీదుగానే అందసాగినది. ఆపిల్ సంస్థ సైతము మొజావే తరువాతి తన ఆపరేటింగ్ సిస్టములనుండి డ్రైవును పంచిపెట్టు సౌకర్యమును తొలగించినది.

విండోస్ యంత్రములలోను, లైనక్స్ యంత్రములలోను డ్రైవును ఫైళ్ల పద్ధతిలో పంచిపెట్టు వీలు నేటికిని ఉన్నది. అయితే ఇంటిలో వ్రాసికొన్న సి.డి.లు కర్మాగారపు సి.డి.లవంటివి కావు. వానిలో గుంటలకు బదులు లేజరు వేడికి మారు రంగుపూత ఉన్నది. ఆ రంగు ఎండకు, వేడికి, కాలమునకు వివర్ణమగును. అట్టి డిస్కును నెట్‌వర్కుమీద పలుమారు, పలువురు, ముక్కముక్కలుగా చదువుటవలన తిప్పలే మిగులును. చదువలేని సెక్టారు తగిలినపుడు డ్రైవు దానినే పదేపదే ప్రయత్నించును. ఆవలి కంప్యూటరు వేచిచూచి విసిగి, సంబంధమును తెంచుకొనును. డ్రైవు ఉన్న యంత్రముననే ఒక్కమారు, వరుసగా, ప్రతిబింబము తీసికొని, దానిని పంచుకొనుట మేలు. చిక్కిన సెక్టారులను ముందు తెచ్చుకొని, మొండికెత్తినవానిని చివరకు తిరిగి ప్రయత్నించు ప్రోగ్రాములును ఉన్నవి. ఒక డ్రైవు చదువని సెక్టారును మరియొక డ్రైవు చదువుటయు కద్దు. లేజరు శక్తిలోను, కటకపు అమరికలోను డ్రైవుకు డ్రైవుకు స్వల్పమైన తేడాలుండును గనుక, ప్రతిబింబములో మిగిలిన ఖాళీలను రెండవ డ్రైవుతో పూరించుకొనవచ్చును.